తిరుగు దారి: అంతర్జాల టెలిఫోనీ సంకేతాలలో ప్రత్యుత్తర ప్రసరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: అంతర్జాల టెలిఫోనీలో పిలుపును ఏర్పరచే సంకేతవ్యవస్థకు సిప్ అని పేరు. ఇందులో అభ్యర్థన ఏ దారిన వెళ్లిందో ప్రత్యుత్తరం ఆ దారినే తిరిగి రావాలి. టీసీపీ వంటి అనుసంధానాధారిత రవాణాపై ఈ తిరుగు ప్రయాణపు నియమాలు 1996 నుంచి 2014 వరకు ఏ విధంగా రూపొందాయో, ఎందుకు మారాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెగిన అనుసంధానానికి ప్రమాణకర్తలు ఏ అర్థం చెప్పుకున్నారన్నది ఈ చరిత్రకు కేంద్రమని, ఆ అర్థం మారిన కొద్దీ తిరుగు దారిని కాపాడే బాధ్యత నెట్‌వర్కు నడుమ నుంచి దాని అంచున ఉన్న ఫోనుకు బదిలీ అయిందని ప్రతిపాదిస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లమాడను అటువంటి అంచుకు ఉదాహరణగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాల టెలిఫోనీ, సిప్, టీసీపీ, వయా శీర్షం, ప్రత్యుత్తర ప్రసరణ, నాట్, నల్లమాడ.

ఉపోద్ఘాతం

నల్లమాడ పూర్వపు అనంతపురం జిల్లాలోని మండలకేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే కరవు పీఠభూమి ఇది. వేరుశనగ పండితే పండినట్టు, లేకపోతే బెంగళూరు బస్సు ఎక్కవలసినదే. వలస ఉన్నచోట టెలిఫోను విలాసవస్తువు కాదు. కూలి డబ్బు చేరిందా, ఊళ్లో ముసలివారి ఒంట్లో ఎలా ఉంది, పదును వాన పడిందా అన్న మాటలన్నీ దాని మీదనే నడుస్తాయి.

ఆ మాటలకు ముందు కొన్ని సంకేతాలు నడుస్తాయి. పిలిచిన ఫోను ఒక అభ్యర్థన పంపుతుంది. అవతలి ఫోను మోగుతున్నదని ఒక ప్రత్యుత్తరం, ఎత్తారని మరొక ప్రత్యుత్తరం తిరిగి వస్తాయి. అభ్యర్థన చేరి, ప్రత్యుత్తరం దారి తప్పితే పిలుపు లేనట్టే. అవతలివారు ఎత్తి పలకరించినా ఇవతల వినిపించేది నిశ్శబ్దమే. టెలిఫోనీ చరిత్రలు సాధారణంగా పిలుపు ఎలా చేరుతుందో చెప్పి ఊరుకుంటాయి. జవాబు ఎలా తిరిగి వస్తుందన్నది అంతకంటే చిక్కైన ప్రశ్న. దానికి ప్రమాణకర్తలు పదిహేనేళ్లకు పైగా సమాధానాలు దిద్దుకుంటూనే వచ్చారు.

తీగ ఉన్ననాడు లేని ప్రశ్న

తీగ టెలిఫోనులో తిరుగు దారి అన్న ప్రశ్నే తలెత్తదు. ఎక్స్ఛేంజి ఒక దారిని కలిపితే అదే రాకకు, అదే పోకకు. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ రూపొందించిన 128 పోర్టుల గ్రామీణ స్వయంచాలక ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. ఎయిర్ కండిషనింగ్ అవసరం లేకుండా వేడిని, దుమ్మును తట్టుకొని పనిచేయడం దాని ప్రత్యేకత. పల్లె పరిస్థితిని ముందు గమనించి, తరువాత యంత్రాన్ని గీసిన అరుదైన సందర్భమది. సిప్ పుట్టుక అందుకు భిన్నం. అది ప్రధానంగా విశ్వవిద్యాలయాల, పరిశోధనశాలల నెట్‌వర్కుల నడుమ పుట్టింది. అక్కడ ప్రతి యంత్రానికీ బయటివారు నేరుగా చేరగల చిరునామా ఉంటుందన్న ఊహ సహజమైనది. ఆ ఊహ ఎంత దూరం నిలిచిందన్నదే ఈ వ్యాసంలోని కథ.

1996: రెండు ప్రతిపాదనలు

1996 ఫిబ్రవరిలో అంతర్జాల ఇంజనీరింగు కార్యదళం ఎదుటకు రెండు ముసాయిదాలు వచ్చాయి. మార్క్ హ్యాండ్లీ, ఈవ్ స్కూలర్ రాసిన సెషన్ ఇన్విటేషన్ ప్రోటోకాల్ యూడీపీని ఆధారం చేసుకొన్నది. హెన్నింగ్ షుల్జ్‌రిన్ రాసిన సింపుల్ కాన్ఫరెన్స్ ఇన్విటేషన్ ప్రోటోకాల్ టీసీపీని ఎంచుకొన్నది. యూడీపీ పోస్టుకార్డు వంటిది: వేసినవాడికి, అందుకొన్నవాడికి మధ్య నిలిచి ఉండే బంధమేదీ లేదు, పోతే పోయినట్టే. టీసీపీలో ముందుగా రెండు యంత్రాలు ఒక అనుసంధానాన్ని ఏర్పరచుకొంటాయి. ఆ తరువాత వెళ్లిన ప్రతి అక్షరానికీ అందినట్టు రసీదు ఉంటుంది. రెండు ముసాయిదాలు కలిసిపోయి, 1999 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2543గా సిప్ వెలువడింది. రచయితలు హ్యాండ్లీ, షుల్జ్‌రిన్, స్కూలర్, జొనాథన్ రోజెన్‌బర్గ్.

కలయికలో రెండు రవాణాలూ మిగిలాయి. ప్రాక్సీలు, నమోదు సర్వర్లు రెండింటినీ తప్పనిసరిగా అమలు చేయాలన్నారు. ఫోనులకు మాత్రం టీసీపీ కేవలం సిఫారసు. తరువాతి చిక్కులలో చాలావాటికి మూలం ఈ రాజీలోనే ఉంది. ఒకే సంకేతభాష పోస్టుకార్డు మీదా నడవాలి, అనుసంధానం మీదా నడవాలి. రెండింటిలో జవాబు తిరిగివచ్చే తీరు ఒకటి కాదు.

వయా: శీర్షాల దొంతి

సిప్ తన సందేశాల ఆకృతిని వెబ్ భాష అయిన హెచ్‌టీటీపీ నుంచి తీసుకొన్నది. వయా అన్న శీర్షం అక్కడా ఉంది. కానీ హెచ్‌టీటీపీలో జవాబు ఎప్పుడూ అభ్యర్థన వచ్చిన అనుసంధానం మీదనే వెళ్తుంది కనుక వయాకు దారి చూపే పని లేదు, అది ప్రయాణపు గుర్తు మాత్రమే. సిప్‌లో అదే శీర్షం దారి చూపే బాధ్యతను మోస్తుంది.

ఉదాహరణకు, నల్లమాడలోని ఒక ఫోను బెంగళూరులోని ఫోనును రెండు ప్రాక్సీల మీదుగా పిలిచిందనుకొంటే, మొదటి ఫోను తన చిరునామాతో ఒక వయా శీర్షాన్ని రాసి అభ్యర్థనను పంపుతుంది. మొదటి ప్రాక్సీ తన వయాను దాని పైన పేరుస్తుంది. రెండవది దాని పైన మరొకటి. కుండల దొంతిలో చివర పెట్టిన కుండే ముందు దిగినట్టు, తిరుగు ప్రయాణంలో ప్రతి ప్రాక్సీ పైనున్న తన వయాను తీసివేసి, దాని కింద బయటపడిన చిరునామాకు ప్రత్యుత్తరాన్ని పంపుతుంది. చివరికి దొంతిలో మిగిలేది పిలిచిన ఫోను చిరునామా ఒక్కటే.

ప్రత్యుత్తరం పిలిచినవారి పేరును చూసి దారి వెతకదు. సొంత నిర్ణయం ఏదీ చేయదు. నడుమ ఉన్న ప్రాక్సీ ఆ పిలుపును గురించి ఏమీ గుర్తుపెట్టుకోనవసరం లేదు, దారి సందేశంలోనే రాసి ఉంటుంది. యూడీపీని దృష్టిలో ఉంచుకొంటే ఇది చక్కని ఏర్పాటు. టీసీపీ వచ్చేసరికి మాత్రం ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు ఉన్నట్టయింది. వయాలో రాసిన చిరునామా ఒకటి, అభ్యర్థనను మోసుకొచ్చి ఇంకా తెరిచే ఉన్న అనుసంధానం ఒకటి. రెండూ ఒకే చోటికి తీసుకువెళ్లినంతకాలం తగవు లేదు.

తెగిన అనుసంధానానికి అర్థం

ఆ అనుసంధానం మధ్యలో తెగిపోతే ఏమి చేయాలన్నది అసలు ప్రశ్న. 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2543 దీనికి స్పష్టమైన సమాధానమే ఇచ్చింది. తుది ప్రత్యుత్తరం రాకముందే పిలిచిన యంత్రం అనుసంధానాన్ని మూసినా, అది రీసెట్ అయినా, పిలుపును రద్దు చేసుకొన్నట్టుగానే సర్వరు భావించాలి. చెడిపోయిన ఫోనుల లెక్కలను ప్రాక్సీలు అంతులేకుండా మోయకుండా ఉండాలన్నది ఈ నియమం వెనుక ఉన్న ఉద్దేశం. సర్వరు వైపు నుంచి చూస్తే ఇది న్యాయమే. అయితే ఇందులో ఒక బలమైన ఊహ దాగి ఉంది: అనుసంధానం తెగిందంటే పిలిచినవారికి ఇక జవాబు అక్కరలేదని అర్థం.

నిలకడగా విద్యుత్తు ఉన్న ప్రాంగణంలో ఆ ఊహ చాలావరకు చెల్లుతుంది. అక్కడ అనుసంధానం తెగడమంటే ఎవరో ప్రోగ్రామును మూసివేయడమో, యంత్రం చెడిపోవడమో. మెట్టప్రాంతపు పల్లెలో తెగడానికి కారణాలు వేరు. కరెంటు పోవడం, టవరు బ్యాటరీ అయిపోవడం, గుట్ట అడ్డురావడం – వీటిలో ఏదీ మనిషి నిర్ణయం కాదు. మాట్లాడాలని కోరుకొంటూనే ఉన్న మనిషి తరఫున, వద్దన్నాడని ప్రమాణం తీర్పు చెప్పినట్టయింది.

2002 జూన్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3261 ఈ తీర్పును వదులుకొన్నది. సిప్‌ను దాదాపు సమూలంగా తిరగరాసిన ఆ పత్రంలో ప్రత్యుత్తర ప్రసరణకు ఒక క్రమం ఏర్పడింది. రవాణా టీసీపీ వంటిదైతే, అభ్యర్థన వచ్చిన అనుసంధానం మీదనే ప్రత్యుత్తరం వెళ్లాలి. ఆ అనుసంధానం ఇప్పుడు లేకపోతే, సర్వరు తానే కొత్త అనుసంధానాన్ని తెరవాలి. దాని గమ్యం కూడా నిర్ణయించారు: వయాలో 'రిసీవ్డ్' అన్న గుర్తుతో సర్వరు స్వయంగా నమోదు చేసుకొన్న ఐపీ చిరునామా, పంపినవారు వయాలో రాసుకొన్న పోర్టు. అదీ విఫలమైతే డీఎన్ఎస్ ద్వారా వెతికే మరొక పద్ధతి ఉంది. పిలిచిన యంత్రం కూడా ఇందుకు సిద్ధంగా ఉండాలి. తాను తెరిచిన అనుసంధానం మీద జవాబు కోసం వేచి ఉంటూనే, తాను రాసిన పోర్టులో బయటినుంచి రాగల కొత్త అనుసంధానానికి తలుపు తెరిచి ఉంచాలి.

తెగిన అనుసంధానం ఇప్పుడు నిరాకరణ కాదు, ప్రమాదం మాత్రమే. జవాబు బాకీ అలాగే ఉంది. దాన్ని తీర్చవలసినది సర్వరు. అంతర్జాల టెలిఫోనీ పత్రాలన్నిటిలో ఇంతటి నైతిక స్పష్టత ఉన్న మార్పు మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. కాకపోతే దాన్ని ఎవరూ నైతికమైన మాటల్లో చెప్పలేదు. రవాణా స్తరపు నియమాలలో రెండు పేరాలుగా రాశారు.

అదే పత్రం టీసీపీని ఫోనులతో సహా అందరికీ తప్పనిసరి చేసింది. మార్గం మోయగల పరిమాణం తెలియనప్పుడు 1300 బైట్లు దాటిన అభ్యర్థనను టీసీపీ వంటి రద్దీ నియంత్రణ ఉన్న రవాణా మీదనే పంపాలని కూడా విధించింది. శీర్షాలు పెరిగిన కొద్దీ పిలుపు అభ్యర్థనలు ఈ హద్దును సులభంగా దాటసాగాయి. అందువల్ల అనుసంధానం మీద తిరుగు దారి అన్నది మూలన పడి ఉండే సమస్య కాకుండా పోయింది.

ఒక లోపం మాత్రం ఈ నియమంలోనూ మిగిలింది. అనుసంధానం తెగిందని సర్వరుకు తెలిసినప్పుడే అది పనిచేస్తుంది. కరెంటు పోయి ఇంట్లోని పెట్టె ఆరిపోతే వీడ్కోలు సందేశమేదీ వెళ్లదు. సర్వరు దృష్టిలో అనుసంధానం ఇంకా బతికే ఉంటుంది. దాని మీద పంపిన ప్రత్యుత్తరానికి రసీదు రాదు; టీసీపీ మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. ఇన్‌వైట్ కాని అభ్యర్థనలకు సిప్ ఇచ్చిన గడువు మామూలుగా 32 సెకన్లు – 500 మిల్లీసెకన్ల మూలకాలానికి 64 రెట్లు. టీసీపీ తన ప్రయత్నం మానుకోవడానికి చాలా సందర్భాలలో అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. అనుసంధానం పోయిందని తేలేసరికి జవాబుకు అర్థం పోయి ఉంటుంది.

సొంత చిరునామా లేని ఫోను

2002 నాటి పరిష్కారానికి అసలు గండి మరొక చోట ఉంది. కొత్త అనుసంధానం తెరవాలంటే అవతలి యంత్రానికి బయటినుంచి చేరగల చిరునామా ఉండాలి. చిరునామాలను మార్చే నాట్ పద్ధతి 1994 మే నెలలోనే ఆర్‌ఎఫ్‌సీ 1631గా వెలువడింది, అంటే సిప్ కంటే ఐదేళ్లు పెద్దది. ఐపీ నాలుగవ సంచికలో ఉన్న చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచస్థాయి నిల్వ అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతపు నిల్వ చివరి వాటాకు చేరింది. ఆలస్యంగా అంతర్జాలంలోకి వచ్చిన ప్రాంతాలకు దొరికినది పంచుకొన్న చిరునామాయే. చాలామంది చందాదారులను ఒకే చిరునామా వెనుక ఉంచే ఏర్పాటు కోసం 2012లో ప్రత్యేకించి ఒక చిరునామా పరిధినే కేటాయించారు.

నాట్ వెనుక ఉన్న ఫోను బయటికి అనుసంధానం తెరవగలదు. బయటివారు దానికి తెరవలేరు. సర్వరు 'రిసీవ్డ్' గుర్తులో నమోదు చేసుకొన్నది నాట్ యంత్రపు చిరునామా. వయాలోని పోర్టు ఫోను తన లోపలి లోకంలో రాసుకొన్నది. ఈ రెంటినీ జతచేసి తలుపు తడితే పలికేవారు ఉండరు. యూడీపీకి 2003 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 3581 ఒక ఉపాయం చెప్పింది: అభ్యర్థన ఏ పోర్టు నుంచి కనిపించిందో ఆ పోర్టుకే జవాబు పంపడం. టీసీపీకి ఆ ఉపాయం అక్కరలేదు, తెరిచి ఉన్న అనుసంధానమే ఆ పని చేస్తుంది. అది తెగితే మాత్రం ఏ ఉపాయమూ లేదు. సర్వరు మీద మోపిన బాకీ కాగితం మీద నిలిచింది, తీర్చే దారి మూసుకుపోయింది.

బాధ్యత చేతులు మారడం

2009 అక్టోబరులో కల్లెన్ జెన్నింగ్స్, రోహన్ మహీ, ఫ్రాన్స్వా ఓడే రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5626 సమస్యను తిరగేసి చూసింది. బయటినుంచి ఫోనుకు అనుసంధానం తెరవడం సాధ్యం కానప్పుడు, ఫోను తెరిచిన అనుసంధానాన్నే చావనివ్వకూడదు. నమోదు సమయంలో ఫోను తెరిచిన ప్రవాహాన్ని సర్వరు గుర్తుపెట్టుకొంటుంది. ఆ ఫోనుకు రావలసిన కొత్త పిలుపులు కూడా దాని మీదనే దిగుతాయి. ప్రవాహం బతికి ఉందని తెలుసుకోవడానికి ఫోను మామూలుగా 95 నుంచి 120 సెకన్లకు ఒకసారి రెండు ఖాళీ పంక్తులు పంపుతుంది, సర్వరు ఒక ఖాళీ పంక్తితో పలుకుతుంది. 10 సెకన్లలో ఆ పలుకు రాకపోతే ప్రవాహం పోయినట్టే లెక్క. వీడ్కోలు లేకుండా చచ్చిపోయే అనుసంధానానికి ఇదొక నాడి పరీక్ష.

ఆచరణలో ఇది చక్కగా పనిచేసింది. కానీ దాని ఖర్చు ఎవరిదన్నది గమనించదగినది. 1999లో అనుసంధానం తెగితే నష్టం పిలిచినవారిది. 2002లో దాన్ని తిరిగి కలిపే పని సర్వరుది. 2009 తరువాత, తెగకుండా చూసుకొనే కాపలా ఫోనుది. నిమిషాల లెక్కన మేలుకొని ఖాళీ పంక్తులు పంపడానికి ఖర్చయ్యేది ఫోను బ్యాటరీయే. నాట్ యంత్రాలు స్థిరపడిన టీసీపీ అనుసంధానాన్ని కనీసం 2 గంటల 4 నిమిషాలపాటు మరచిపోకూడదని 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5382 విధించింది. అంతకంటే చాలా ముందే మరచిపోయే నాట్‌లు వాడుకలో ఉన్నాయి కాబట్టే ఇంత తరచు కాపలా అవసరమైంది.

ప్రాక్సీల మధ్య సంగతి వేరు. అక్కడ రెండు వైపులా సొంత చిరునామాలు ఉంటాయి. ఒకరు తెరిచిన అనుసంధానం మీద రెండవవారు తమ కొత్త అభ్యర్థనలు కూడా పంపవచ్చునా అన్నదే ప్రశ్న. విజయ్ గుర్బానీ, రోహన్ మహీ, బ్రెట్ టేట్ 2010 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 5923లో దానికి జవాబిచ్చారు. పరస్పర గుర్తింపు రుజువైన టీఎల్ఎస్ అనుసంధానాలకే ఆ వెసులుబాటు. రుజువు లేకపోతే ఎవరో ఒకరు వయాలో పరాయి పోర్టును రాసుకొని, పరాయి పిలుపులను తమవైపు మళ్లించుకోగలరు.

2014 జనవరి నాటి ఆర్‌ఎఫ్‌సీ 7118తో ఈ పరిణామం ఒక అంచుకు చేరింది. వెబ్ బ్రౌజరు నుంచి వెబ్‌సాకెట్ మీద సిప్ నడపడం దాని విషయం. బ్రౌజరు ఎక్కడా తలుపు తెరిచి కూర్చోలేదు. కనుక వయాలో '.ఇన్వాలిడ్'తో ముగిసే కల్పిత నామం రాయడమే అక్కడి ఆనవాయితీ. జవాబు ఎక్కడికి రావాలో చెప్పేందుకు పుట్టిన శీర్షం, ఇక్కడికి రావద్దని బాహాటంగా చెప్పే స్థితికి వచ్చింది. దారి అంతా అనుసంధానంలోనే ఉంది.

నల్లమాడలో ఒకే ఫోను, రెండు తిరుగు దారులు

భారతదేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాల సేవాసంస్థలకు టెలిఫోనీని పరిమితంగా అనుమతించారు. 2016 సెప్టెంబరు 5న జియో తన సేవలను ప్రారంభించడంతో సిప్ ఆధారిత వోల్ట్ పిలుపులు సామాన్యుల వాడుకలోకి పెద్దయెత్తున వచ్చాయి. 2018లో బీఎస్ఎన్ఎల్ 'వింగ్స్' పేరుతో, ఏ సంస్థ అంతర్జాలం మీదనైనా పనిచేసే యాప్ టెలిఫోనును తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, విద్యుత్ స్తంభాల మీదుగా లాగిన తీగతో ఇంటికి అంతర్జాలాన్ని, టీవీని, ఫోనును ఒకే పెట్టెలో అందించే ప్రయత్నం. ఇంటర్నెట్ తీగ విద్యుత్ స్తంభం మీద ఉన్నా, పెట్టె ఆధారపడినది ఇంటి కరెంటు మీదనే.

నల్లమాడలో ఒకే చేతిఫోను నుంచి వోల్ట్ పిలుపు, యాప్ పిలుపు రెండూ చేయవచ్చు. రెండింటి తిరుగు దారులు ఒకటి కావు. వోల్ట్‌లో ఫోనుకు చిరునామా ఇచ్చేదీ, దాని అభ్యర్థనను మొదట అందుకొనే ప్రాక్సీని నడిపేదీ ఒకే సంస్థ. నమోదు సమయంలోనే రెండు వైపులా రెండేసి రక్షిత పోర్టులను ఒప్పుకొంటాయి. టీసీపీ మీద ఫోను పంపిన అభ్యర్థనకు జవాబు అదే అనుసంధానం మీద వస్తుంది. ఫోనుకు కొత్త పిలుపు రావలసి ఉంటే ప్రాక్సీయే ఫోను సర్వరు పోర్టుకు వేరొక అనుసంధానం తెరుస్తుంది. యూడీపీ అయితే జవాబు కూడా ఆ రెండవ పోర్టుకే చేరుతుంది. 2002 నాటి పత్రం ఊహించిన లోకం, అంటే బయటినుంచి తట్టగల తలుపున్న ఫోను, ఈ మూసిన ప్రాంగణంలో మళ్లీ నిజమైంది. దాని తాళంచెవి మాత్రం సంస్థ దగ్గర ఉంది.

యాప్ పిలుపుకు ఆ ప్రాంగణం లేదు. అది ఎవరి అంతర్జాలం మీదనో, పంచుకొన్న చిరునామా వెనుకనుంచి బయలుదేరుతుంది. దానికి ఆధారం తాను తెరిచిన అనుసంధానం ఒక్కటే. టవరు ఆగిపోయి అనుసంధానాలన్నీ పడిపోతే ఎప్పుడు తిరిగి ప్రయత్నించాలన్నది కూడా ఆర్‌ఎఫ్‌సీ 5626 లెక్కగట్టింది. మూలవిరామం 30 సెకన్లు. ప్రయత్నం విఫలమైన ప్రతిసారీ అది రెట్టింపవుతుంది, 1800 సెకన్ల దగ్గర ఆగుతుంది. అసలు విరామాన్ని ఆ లెక్కలో సగానికీ పూర్తికీ మధ్య యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. కరెంటు వచ్చిన క్షణంలో ఊళ్లోని ఫోనులన్నీ ఒక్కసారిగా సర్వరు మీద పడకుండా ఉండడానికి ఈ జాగ్రత్త. సర్వరు క్షేమం దృష్ట్యా దీన్ని తప్పుపట్టడానికి లేదు. నెట్‌వర్కు తిరిగివచ్చిందని గమనించి వెంటనే నమోదయ్యే ఫోనులు ఉన్నాయి. గమనించనిది మాత్రం, సుదీర్ఘమైన కోత తరువాత, సిగ్నలు గీతలన్నీ నిండుగా కనిపిస్తున్నా మరో 15 నుంచి 30 నిమిషాలపాటు కొత్త అనుసంధానం తెరవకుండా ఉండిపోవచ్చు. ఆ సమయంలో బెంగళూరు నుంచి వచ్చే పిలుపును దాని దగ్గరికి చేర్చే దారి ఏ సర్వరు దగ్గరా ఉండదు.